గాలికి తిరిగే పిల్లలు



ఉపాసక ఉపాసికలారా,

మన ఇండ్లల్లో ఈ మధ్య ఎక్కువగా వినబడే మాట ఒకటుంది. "మావోడు గాలికి తిరుగుతుండన్నా." పదిహేను, పదహారేళ్ల కొడుకు గురించి తల్లి చెబుతుంది, తండ్రి చెబుతాడు. విహారంలో వందన అయిపోయాక, చెప్పులు వేసుకునే చోట నిలబడి, పక్కవాళ్లకు వినపడకుండా మెల్లగా చెబుతారు. త్రిశరణాలు తీసుకున్న ఇంట్లో ఇట్లాంటి పిల్లవాడు తయారయ్యాడేమిటని వాళ్లకు లోపల సిగ్గు. ఆ సిగ్గు అక్కర్లేదని చెప్పడానికే ఈ కరపత్రం.

నేను మాట్లాడేది హైదరాబాద్ అంచున ఉన్న కాలనీల గురించి. ఉప్పల్ దాటితే బోడుప్పల్, పీర్జాదిగూడ, ఘట్‌కేసర్. ఇటుపక్క బాలానగర్, జీడిమెట్ల, పటాన్‌చెరు. విజయవాడ అంచునో విశాఖ అంచునో ఉన్నవాళ్లు తమ పేటల పేర్లు పెట్టుకుని చదువుకోండి, పెద్ద తేడా ఉండదు. ఊరు అయిపోయింది, పట్నం ఇంకా రాలేదు, అట్లాంటి చోట్లు ఇవి. ఇంటి ముందు సీసీ రోడ్డు ఉంటుంది, దాని చివర సర్కారు తుమ్మలుంటాయి. లైబ్రరీ ఉండదు, గ్రౌండు ఉండదు. ఖాళీ ప్లాటు దొరికితే క్రికెట్. దాని చుట్టూ ప్రహరీ లేచిన రోజు ఆట బంద్. వైన్స్ మాత్రం నడిచిపోయేంత దూరంలో ఉంటుంది, పక్కనే పర్మిట్ రూం.

సాయంత్రం ఆరు నుంచి పది దాకా పదహారేళ్లవాడు ఎక్కడ కూర్చోవాలో చెప్పండి. ఇల్లు రెండు గదులు. ఒక గదిలో టీవీ, ఇంకో గదిలో షిఫ్టు దిగొచ్చి పడుకున్న తండ్రి. చెల్లె వంటింటి గడపలో పుస్తకం పెట్టుకుని కూర్చుంది. వాడు రోడ్డు మీదికే వస్తాడు. కల్వర్టు గోడ మీద, మెడికల్ షాపు మెట్ల మీద, ఎవరిదో ఆపి ఉన్న బైకు సీటు మీద. మనం చూసి గాలి తిరుగుడు అంటాం. తిరగడానికి చోటుంటే కదా తిరిగేది? వాడు రోజూ ఒకే చోట నిలబడి ఉంటాడు.

గాలి అనేది మనకు తిట్టు. ధమ్మంలో మాత్రం ఈ గాలికి ఒక లెక్క ఉంది. మనసుకు అడ్డుపడే ఐదింటిని బుద్ధుడు నీవరణాలన్నాడు. కామచ్ఛందం, వ్యాపాదం, థీనమిద్ధం, ఉద్ధచ్చ కుక్కుచ్చం, విచికిచ్ఛ. మీలో చాలామందికి ఇవి కంఠతా వచ్చు. నాలుగోదానిలోని ఉద్ధచ్చం అంటే నిలకడ లేకపోవడం, ఒకచోట కుదురుకోలేకపోవడం. అంగుత్తర నికాయంలో సంగారవుడనే బ్రాహ్మణుడు వచ్చి ఒక సందేహం అడుగుతాడు, ఎంతో కాలం వల్లెవేసిన మంత్రాలు కూడా ఒక్కోసారి ఎందుకు గుర్తుకు రావని. దానికి బుద్ధుడు నీళ్లగిన్నెల పోలిక చెబుతాడు. రంగులు కలిపిన నీళ్లు కామం. పొయ్యి మీద మరుగుతున్న నీళ్లు కోపం. నాచు కమ్మిన నీళ్లు బద్ధకం. బురదగా ఉండి చీకట్లో పెట్టిన నీళ్లు సందేహం. ఉద్ధచ్చానికి చెప్పింది, గాలి కొట్టి అలలు లేస్తున్న నీళ్లు. ఏ గిన్నెలోకి తొంగిచూసినా మన ముఖం మనకు కనబడదు.

ఇక్కడ ఒకటి గమనించండి. రంగు నీళ్లలో, నాచు నీళ్లలో, బురద నీళ్లలో ఏదో వచ్చి చేరింది. గాలి కొట్టే నీళ్లలో ఏదీ చేరలేదు. అవి మంచినీళ్లే, ముంచుకుని తాగొచ్చు. గాలి తగులుతోంది కాబట్టి కదులుతున్నాయి, అంతే. ఇది నేను చేసుకున్న అర్థం. భంతేజీలెవరైనా ఇంకో తీరుగా చెబితే కూర్చుని వింటాను. కానీ పిల్లల విషయంలో ఈ పోలిక నాకు చాలా పనికొచ్చింది. పిల్లవాణ్ణి పట్టుకుని "నువ్వు చెడిపోయినవ్" అనేముందు, గాలి ఎటునుంచి కొడుతోందో ఒకసారి చూడాలి కదా.

ఒక గాలి పని వైపు నుంచి వస్తోంది. మన తండ్రుల తరం పల్లెల నుంచి వచ్చి ఈ అంచుల్లో దిగింది ఎందుకు? ఐడీపీఎల్, హెచ్‌ఎంటీ, ఆల్విన్, ఈసీఐఎల్ లాంటి కంపెనీలున్నాయి కాబట్టి. సర్కారు కంపెనీల్లో రిజర్వేషన్ ఉండేది. ఐటీఐ చెయ్యి, అప్రెంటిస్ చెయ్యి, గేటు లోపలికి పో. దారి ఇరుకే గానీ కంటికి కనబడేది. ఆ జీతాలతోనే మనవాళ్లు మొదటి ప్లాట్లు కొన్నారు, అంబేడ్కర్ సంఘాలు పెట్టారు, జయంతి సభలు మొదలుపెట్టారు. 1990ల తర్వాత ఆ కంపెనీలు కొన్ని మూతపడ్డాయి, కొన్ని చిక్కిపోయాయి. ఇప్పటి పిల్లవాడికి మనం చూపించే దారి ఏమిటి? ఇంటర్, ఎంట్రెన్సు, ఫీజు రీయింబర్స్‌మెంటు మీద బీటెక్. ఆ దారి చివర భుజాన డెలివరీ బ్యాగు వేసుకుని తిరుగుతున్న అన్నలను వాడు రోజూ చూస్తున్నాడు. "చదువుకుంటే బాగుపడతవ్ రా" అంటే వాడు మన ముఖం వైపు చూడడు, ఆ అన్న బండి వైపు చూస్తాడు.

ఇంకో గాలి, చోటు మారడం. 2023 జూన్‌లో కొల్లూరులో 15,660 డబుల్ బెడ్‌రూం ఇండ్లు ప్రారంభించారు. ఇల్లొకటి 560 చదరపు అడుగులు. అద్దె బాధ తప్పింది, మనవాళ్ల పేరు మీద పట్టా కాగితం వచ్చింది, అది చిన్న సంగతి కాదు. కానీ సిటీ నడిమి బస్తీలో పుట్టి పెరిగిన పిల్లవాడికి ఒక్క రోజులో బడి దూరమైంది, సోపతి దూరమైంది, మూల మీది చాయ్ బండి, పేరుపెట్టి పిలిచి తిట్టే ముసలమ్మ, అన్నీ పోయాయి. లిఫ్టులో పక్కన నిలబడేది ఎవరో తెలియదు. తల్లి పాత బస్తీ దగ్గరి ఇండ్లలో పనికే బస్సులు మారి పోయి, చీకటి పడ్డాక తిరిగొస్తుంది. అట్లాంటి పిల్లవాడు కుదురుగా ఉంటే ఆశ్చర్యపోవాలి గానీ తిరుగుతున్నాడంటే ఆశ్చర్యమేముంది?

మూడో గాలి గురించి మనం పిల్లలతో అసలు మాట్లాడం. కులం. ఊళ్లో అయితే వాడ చెప్పేస్తుంది. ఇక్కడ వాడ ఉండదు కాబట్టి ఇంటిపేరు అడుగుతారు, ఊరి పేరు అడుగుతారు, ఊళ్లో మీ ఇల్లు ఎటువైపు అని అడుగుతారు. దోస్తు ఇంటికి పోతే వాళ్ల అమ్మ అడుగుతుంది, నవ్వుకుంటూనే. మనవాడు "మేం బుద్ధిస్టులం ఆంటీ" అంటాడు. "అంటే?" అంటుంది ఆమె. ఆ "అంటే"కు జవాబు మనం వాడికి నేర్పలేదు. మన దగ్గర ఇంకో తిరకాసు కూడా ఉంది. 1990లో చట్టం మారాక, బౌద్ధం తీసుకున్న ఎస్సీలకు ఎస్సీ హోదా పోదు. అయినా ఏమవుతుందోనన్న భయంతో సర్టిఫికెట్‌లో మనలో చాలామంది హిందూ అనే రాయిస్తాం. ఇంట్లో గోడ మీద ఒకటి, కాగితం మీద ఒకటి, ఆంటీ అడిగినప్పుడు ఇంకోటి. పిల్లవాడు ఇదంతా చూస్తూనే ఉంటాడు. పెద్దవాళ్లే ఒక పేరు మీద నిలబడలేని ఇంట్లో వాణ్ణి ఒక్కణ్ణే నిలకడగా ఉండమంటున్నాం.

ఇక మన గోడల మీది బాబాసాహెబ్ ఫొటో. నీలం కోటు, కళ్లద్దాలు, చేతిలో పుస్తకం. పిల్లవాణ్ణి తిట్టేటప్పుడు ఆ ఫొటో కిందే నిలబెడతాం. "ఆయన ఎన్ని కష్టాలు పడి చదివిండు, నీకేం తక్కువైంది?" వాడు నేల చూపులు చూస్తాడు. ఆ ఫొటోలో ఉన్నాయనకు, తనకు మధ్య ఎంత దూరముందో వాడికి తెలుసు.

ఆ ఫొటోలో కనబడని భీముడు ఒకడున్నాడు. సతారాలో ఉండేవాడు, పన్నెండేళ్లకు అటూ ఇటూ. తల్లి భీమాబాయి చిన్నప్పుడే చనిపోయింది. మేనత్త మీరాబాయి సాకింది. తండ్రి రాంజీ మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, అది పిల్లవాడికి మింగుడుపడలేదు. తల్లి నగలు ఇంకొకరి ఒంటి మీద చూడలేకపోయాడు. బడి మీద మనసు లేదు. తోటపని మీద పడ్డాడు, అది వదిలి పశువుల వెంట పోయాడు, స్టేషన్‌లో మూటలు మోశాడు. ఏదీ నిలవలేదు. సతారా పిల్లలు బొంబాయి మిల్లుల్లో పనికి కుదురుతున్నారని విని, తండ్రి మీద ఆధారపడకుండా తానూ పారిపోదామనుకున్నాడు. రైలు చార్జీ కావాలి. ఎవరి పక్కన పడుకునేవాడో ఆ మేనత్త డబ్బుల సంచి మీదే కన్నేశాడు. మూడు రాత్రులు ప్రయత్నించాడు, చిక్కలేదు. నాలుగో రాత్రి చిక్కింది. విప్పి చూస్తే అర్ధణా ఉంది. అర్ధణాతో బొంబాయి ఎట్లా పోతాడు?

ఇది శత్రువులు రాసిన కథ కాదు. ధనంజయ్ కీర్ రాసిన జీవిత చరిత్రలో ఉంది, బాబాసాహెబ్ స్వయంగా చెప్పుకున్న మాటగా ఉంది. ఆయన దాచలేదు, మనమే పిల్లలకు చెప్పకుండా దాచాం. మన కాలనీలో ఒక పిల్లవాడు మేనత్త సంచి తీశాడని తెలిస్తే ఏమంటామో ఒక్కసారి ఊహించుకోండి. ఆ మాట వాడి పెళ్లినాటిదాకా వెంటబడుతుంది.

ఆ రాత్రి తర్వాత భీముడి మనసు చదువు వైపు తిరిగింది. కానీ అదంతా అర్ధణా మహిమ అని నేను చెప్పను. తర్వాత వాళ్లు బొంబాయి వచ్చి లోయర్ పరేల్‌లో ఒక చాల్‌లో ఒకే గదిలో ఉన్నారు. పరేల్ అంటే అప్పట్లో మిల్లుల పేట, మనకు జీడిమెట్ల ఉన్నట్టు. ఆ ఒక్క గదిలోనే వంట, పడక, చదువు. తండ్రి కొడుకును పొద్దుగాల పడుకోబెట్టి, తాను మేలుకుని ఉండి, రాత్రి రెండింటికి లేపేవాడు. ఇల్లు సద్దుమణిగాక కొడుకు చదువుకునేవాడు, తండ్రి ఆ చోటులో పడుకునేవాడు. పుస్తకాలకు డబ్బు లేకపోతే పెళ్లయిన కూతుళ్ల దగ్గరికి పోయి నగ అడిగి తెచ్చి కుదువబెట్టేవాడు. "చదువు" అని చెప్పి పక్క గదిలో టీవీ పెట్టుకున్న తండ్రి కాదాయన. కొడుకుకు చదువుకునే చోటు లేదని తెలుసుకుని, తన నిద్రలోంచి చోటు తీసిచ్చాడు.

తర్వాత ఇంకొకాయన వచ్చాడు. బడి వదిలాక భీముడు చర్నీ రోడ్డు తోటకు పోయి కూర్చుని చదువుకునేవాడు. కృష్ణాజీ అర్జున్ కేలుస్కర్ అని విల్సన్ హైస్కూల్లో పనిచేసే ఉపాధ్యాయుడు కూడా ఆ తోటకు వచ్చేవాడు. మన కులంవాడు కాదు. ఒక పిల్లవాడు రోజూ వచ్చి ఒక్కడే చదువుకోవడం చూసి, దగ్గరికి పోయి, ఎవరు బాబూ నువ్వు అని పలకరించాడు. అంతే ఆయన చేసింది మొదట. తర్వాత పుస్తకాలిచ్చాడు. 1907లో మెట్రిక్ పాసైనప్పుడు జరిగిన అభినందన సభలో తాను మరాఠీలో రాసిన బుద్ధుడి జీవిత చరిత్ర బహుమతిగా ఇచ్చాడు. బరోడా మహారాజు శాయాజీరావు గాయక్వాడ్ దగ్గరికి వెంటబెట్టుకుని పోయి నెలకు 25 రూపాయల స్కాలర్‌షిప్ వచ్చేట్టు చేసింది కూడా ఆయనే. ఆ పుస్తకం చేతికొచ్చిన 49 ఏళ్లకు, 1956 అక్టోబర్ 14న, నాగపూర్‌లో ఏం జరిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు.

మన కాలనీలో సాయంత్రం పూట కల్వర్టు మీద కూర్చున్న పిల్లల దగ్గర ఆగి పలకరించే పెద్దమనిషి ఎంతమంది ఉన్నారు? మనం ఆగుతాం, నిజమే. "ఏం రా, పని లేదా? మీ నాయనకు చెప్పాల్నా?" అనడానికి ఆగుతాం.

ఇప్పుడు చేదు మాట ఒకటి. 22 ప్రతిజ్ఞల్లో గౌరీ గణపతుల గురించి ఉంది, మనందరం చెయ్యి చాచి చెప్పినవాళ్లమే. అయినా వినాయక చవితి వస్తే మన పిల్లలు మండపం దగ్గరే ఉంటారు. తల్లిదండ్రులు వచ్చి నాతో గొడవ పడతారు, ధమ్మం చెప్పేవాళ్లు మీరేం చేస్తున్నారని. నేను కొందరు పిల్లలనే అడిగాను. ఒక్కడు కూడా దేవుడి మాట ఎత్తలేదు. ఒకడు చందా బుక్కు తన చేతికిచ్చారని చెప్పాడు. ఒకడు జనరేటర్ చూసుకుంటున్నాడు. ఇంకొకడు నిమజ్జనం రోజు లారీ మాట్లాడే బాధ్యత తనదని ఛాతీ ఉబ్బించి చెప్పాడు. టీషర్టు వెనక పేరు రాయించారట. పదకొండు రాత్రులు వాడు ఎవరికో కావలసినవాడు. నమ్మి వాడి చేతికి డబ్బిచ్చారు, పనిచ్చారు.

మరి ఏప్రిల్ 14న మనం ఏం చేస్తున్నాం? కుర్చీలు మోయడం పిల్లల పని. మైకు పెద్దవాళ్లది. తొమ్మిదిమంది వక్తలు మాట్లాడతారు, తొమ్మిదోవాడు మాట్లాడే వేళకు పిల్లలు బిర్యానీ దగ్గర ఉంటారు. మర్నాడు మనమే అంటాం, ఈ తరానికి బాబాసాహెబ్ అంటే శ్రద్ధ లేదని. మండపంవాళ్లు మన పిల్లలను ఊరికే దగ్గరికి తీయరు, ఊరేగింపులో ముందు వరసకు ఎవరు కావాలో వాళ్లకు తెలుసు. గొడవైతే కేసులు ఎవరి పిల్లల మీద పడతాయో మనకూ తెలుసు. కానీ పిల్లవాణ్ణి అక్కడినుంచి చెవి పట్టుకుని లాక్కొచ్చి ఎక్కడ కూర్చోబెడతాం? తాళం వేసిన విహారం మెట్ల మీదనా?

యశుడి కథ మీకు తెలిసిందే. వారణాసిలో శ్రేష్ఠి కొడుకు. కాలానికొకటి చొప్పున మూడు మేడలు. ఒక రాత్రి మెలకువ వచ్చి, చుట్టూ నిద్రపోతున్న ఆటగత్తెలను చూసి విసుగు పుట్టి, బంగారు చెప్పులు తొడుక్కుని, ఏమిటీ గోల, ఏమిటీ బాధ అని తనలో తాను అనుకుంటూ చీకట్లో పడి నడిచాడు. గాలి తిరుగుడే. డబ్బున్న ఇంటివాడు కాబట్టి ఎవరూ ఆ మాట అనలేదు. తెల్లవారుజామున ఋషిపతనంలో బుద్ధుడు నడుస్తూ ఎదురయ్యాడు. ఇంట్లో చెప్పి వచ్చావా అని అడగలేదు. పంచశీల అప్పజెప్పమనలేదు. ఇక్కడ ఆ బాధ లేదు, వచ్చి కూర్చోమన్నాడు. పిల్లవాడు చెప్పులు విడిచి కూర్చున్నాడు. ముందు దానం గురించి, శీలం గురించి తేలిక మాటలు చెప్పి, వాడి మనసు కుదుటపడ్డాకే అసలు సంగతికి వచ్చాడు.

తెల్లారి తండ్రి వెతుక్కుంటూ వచ్చాడు. దారిలో చెప్పుల గుర్తులు పట్టుకుని వచ్చాడట. అక్కడ ఒక మహిమ చెబుతారు, దాన్ని పక్కన పెడదాం. బాబాసాహెబ్ ధమ్మంలో మహిమలతో మనకు పని లేదు. నాకు ముఖ్యమనిపించేది, బుద్ధుడు ఆ తండ్రితో కొడుకు పంచాయితీ పెట్టలేదు. తండ్రిని కూడా కూర్చోబెట్టి ఆయనకూ ధమ్మం చెప్పాడు. కొడుకును తీసుకుపోదామని వచ్చినవాడు త్రిశరణాలు తీసుకున్న మొదటి ఉపాసకుడయ్యాడు. తల్లి, యశుడి భార్య మొదటి ఉపాసికలయ్యారు. ఆ తర్వాత యశుడి దోస్తులు నలుగురు వచ్చారు. ఆ నలుగురి వెనక ఇంకో యాభైమంది. మనమైతే మొదటి రోజే ఆ నలుగురి సోపతి మానెయ్యమని ఉండేవాళ్లం.

సోపతులన్నీ మంచివే అని నేను అనడం లేదు. సిగాలోవాద సుత్తంలో వేళ కాని వేళ వీధుల్లో తిరగడాన్ని ఆస్తి నాశనమయ్యే ఆరు దారుల్లో ఒకటిగా చెప్పాడు బుద్ధుడు. చెడు స్నేహితుడి గుర్తులు కూడా విడమర్చి చెప్పాడు. ఈ సుత్తం మన ఇండ్లల్లో పిల్లల కోసం బాగానే చదువుతారు, కానీ సగమే చదువుతారు. కొడుకు తల్లిదండ్రులకు చెయ్యాల్సినవి ఐదు ఉన్నాయి, తల్లిదండ్రులు కొడుకుకు చెయ్యాల్సినవీ ఐదు ఉన్నాయి. ఆ రెండో ఐదులో చేతికి ఒక పని నేర్పించడం ఉంది. ఎలక్ట్రీషియన్ పనో, ఏసీ రిపేరో, కంప్యూటర్ మీద డిజైన్ పనో, ఎండాకాలం సెలవుల్లో మనవాళ్లలోనే తెలిసినవాళ్ల దగ్గర పెట్టండి. చదువు మానిపించి కాదు, చదువుతోపాటు. చేతిలో పనున్న పిల్లవాడి నడకే వేరుగా ఉంటుంది.

గంజాయి మాట కూడా ఎత్తాలి, కప్పిపెట్టి లాభం లేదు. అది మన కాలనీల్లోకి వచ్చింది, సీసాల కంటే చవగ్గా, వాసన ఇంటిదాకా రాకుండా. ఐదో శీలం ఉంది కదా అని పిల్లవాడికి అప్పజెప్తే వాడు తలూపి పోతాడు. వాడికి రెండు సంగతులు నేరుగా చెప్పాలి. ఒకటి, చట్టం. 2021లో హైదరాబాద్‌లో పోలీసులు దారిన పోయే కుర్రాళ్ల ఫోన్లు తీసి మెసేజీలు చూసిన సంగతి పేపర్లలో వచ్చింది. అట్లా ఆపేది ఎక్కువగా ఎవరిని, కారులో పోయేవాణ్ణా, బస్తీ బండి మీద పోయేవాణ్ణా? ఒక్క పొట్లంతో కేసైతే సర్కారు నౌకరీ కల పోలీసు వెరిఫికేషన్ దగ్గరే ఆగుతుంది. వకీలుకు పెట్టే డబ్బు మన దగ్గర ఉండదు.

రెండోది బుద్ధుడు రాహులుడితో మాట్లాడిన తీరు. సొంత కొడుకే కదా, తిట్టొచ్చు. తిట్టలేదు, అద్దం ఎందుకుందని అడిగాడు. చూసుకోవడానికని రాహులుడు చెప్పాడు. అట్లాగే ఏ పనైనా చేసేముందు, చేస్తున్నప్పుడు, చేసిన తర్వాత చూసుకోమన్నాడు, దీనివల్ల నాకు బాధా, ఇంకొకరికి బాధా, ఇద్దరికీనా అని. చూసుకునే అధికారం పిల్లవాడి చేతికే ఇచ్చాడు. పదిహేనేళ్లవాడికి అన్నిటికంటే కావలసింది అదే. మీ కొడుకు తప్పు చేసి వచ్చిన రాత్రి ఈ మూడు ప్రశ్నలు అడిగి, జవాబు వెంటనే రాకపోయినా ఊరుకుని చూడండి. ఊరుకోవడమే కష్టం, నాకు తెలుసు.

ఇంతసేపూ కొడుకులనే అంటున్నాను. ఆడపిల్లల్లో ఈ నిలకడలేనితనం లేదనుకుంటున్నారా? వాళ్లది రోడ్డు మీద కనబడదు కాబట్టి మనం లెక్కలోకి తీసుకోం. కొడుకు తిరిగితే గాలి అంటాం, బిడ్డ అరగంట ఆలస్యమైతే ఏమంటామో ఇక్కడ రాయలేను. ఆమె గాలి అంతా నాలుగు గోడల మధ్యే తిరుగుతుంది. ఫోన్ పట్టుకుని మిద్దె మీద ఒక మూల నిలబడుతుంది, అదొక్కటే ఆమెకు కల్వర్టు గోడ. ఆ ఫోన్ కూడా గుంజుకున్నాక, ఇంటర్ అయ్యీ కాకముందే సంబంధాలు చూడటం మొదలుపెడతాం, "కాలం బాగలేదు" అని. బాబాసాహెబ్ హిందూ కోడ్ బిల్లు కోసం 1951లో మంత్రి పదవికి రాజీనామా ఇచ్చాడని సభల్లో చెప్పేది మనమే. ఆయన బిడ్డలం అని చెప్పుకునే ఇంట్లో ఒక ఆడపిల్లకు సాయంత్రం ఏడు గంటలకు, ఇంటి బయట, భయం లేకుండా కూర్చునే చోటు ఒక్కటి ఉందా?

ఇందుకే మా కాలనీలో విహారం తలుపు గురించి గట్టిగా పట్టుబట్టాం. విహారమంటే పెద్దది కాదు, రేకుల కప్పు, పంచరంగుల జెండా, రాతి బుద్ధుడు. సంవత్సరంలో బుద్ధ పూర్ణిమ, అక్టోబర్ 14, డిసెంబర్ 6, ఆదివారం వందన, అంతే తెరిచేది. ఇప్పుడు రోజూ సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా తెరుస్తున్నాం. ఒక తాళంచెవి రిటైరైన ఒక అన్న దగ్గర, రెండోది ఇంటర్ చదివే ఇద్దరు పిల్లల దగ్గర. రెండు పేపర్లు, ఒక క్యారమ్ బోర్డు, పరీక్షల పుస్తకాలు. ఒక పక్క చదువుకునేవాళ్లు, ఒక పక్క ఆడుకునేవాళ్లు. ఎనిమిదింటికి ఐదు నిమిషాలు అందరూ శ్వాస మీద కూర్చుంటారు, ఇష్టమున్నవాళ్లే. గంటసేపు కూర్చోబెడితే మర్నాడు ఒక్కడూ రాడని మొదటి వారంలోనే అర్థమైంది. మంగళ, శుక్రవారాలు ఆడపిల్లల చేతికి తాళం. ఆ రోజుల్లో ఏం జరగాలో వాళ్లే చెబుతారు. ప్రస్తుతానికి ఒక అక్క వచ్చి ఇంగ్లీషు చెబుతోంది, అయిపోయాక పాటలు పెట్టుకుంటున్నారు.

అద్భుతాలేమీ జరగలేదు. మొదటి నెల ముగ్గురొచ్చారు. ఇప్పుడు ఇరవైమంది దాకా వస్తారు, పరీక్షలప్పుడు ఇంకొంచెం ఎక్కువ. ఒక పిల్లవాడు నాలుగు రోజులొచ్చి మానేశాడు, ఇంకా కల్వర్టు మీదే ఉంటున్నాడు. పోయేటప్పుడు వచ్చేటప్పుడు అన్న ఆగి మాట్లాడుతున్నాడు. ఈసారి జయంతి లెక్కల పుస్తకం పిల్లలకే ఇచ్చాం. వక్తలను ముగ్గురికి తగ్గించింది వాళ్లే, మాకు కొంచెం కష్టంగానే అనిపించింది. లెక్క మాత్రం పైసాతో సహా గోడకు అంటించారు. అంతకుముందు పెద్దవాళ్లం ఎప్పుడూ అంటించలేదు.

కమిటీలో ఒక పెద్దాయన మొదటినుంచీ ఒప్పుకోలేదు. విహారంలో క్యారమ్ ఏమిటి, బుద్ధుడి ముందు పోరగాళ్ల కేకలేమిటి అని. ఆయన బాధ అర్థం చేసుకోదగ్గదే. ఆ కప్పు రేకులకు ఇంటింటికీ తిరిగి చందా తెచ్చింది ఆయనే. మొన్న బంతి తగిలి ట్యూబ్‌లైటు పగిలినప్పుడు, చూశారా అన్నాడు. పిల్లలు తలా పది వేసుకుని కొత్తది తెచ్చారు. స్టూలు ఊగుతుంటే ఆయనే వచ్చి పట్టుకున్నాడు, పట్టుకున్నంతసేపూ తిడుతూనే ఉన్నాడు.

మీ విహారం తాళంచెవి ఎవరి దగ్గర ఉందో ఈ ఆదివారం వందనకు పోయినప్పుడు అడగండి.

జై భీం.